గ్లాడియేటర్ల నాటకములు – చరిత్రప్రామాణ్యము

ప్రాచీన రోమును గూర్చిన కథలలో నేటి టెలివిజను ప్రేక్షకులకు మిక్కిలి పరిచితమైనది గ్లాడియేటర్ల కథ. లాటిను భాషలో గ్లాడియసు అనగా కత్తి. కత్తి చేతబట్టి జనసమూహము నెదుట ద్వంద్వయుద్ధము చేయువాడు గ్లాడియేటరు. 2010 మొదలు 2013 వఱకు అమెరికాలో స్టార్జ్ సంస్థవారు ప్రసారము చేసిన 'స్పార్టకస్' ధారావాహిక, 2003లో బి. బి. సి. వారు కొలోసియమును గూర్చి నిర్మించిన చారిత్రక నాటకము, 2024లో వెలువడిన 'దోజ్ అబౌట్ టు డై' అను ధారావాహిక మున్నగునవి ఈ కథను లోకమంతట వ్యాపింపజేసినవి. రోమను చరిత్రగ్రంథము నొక్కటియైన చదువనివారు సైతము వీనిని చూచి, రోమనులు ఇట్టివారే, వారి క్రీడలు ఇట్టివే అని నిశ్చయించుకొనుచున్నారు. కావున ఈ నాటకములందు చరిత్ర యెంత, కల్పన యెంత, ఆ కల్పన యెట్టిది అని విచారించుట నిష్ప్రయోజనము కాదు.

ఇట్టి విచారణకు పూనుకొన్నవారు సామాన్యముగా తప్పులపట్టిక నొకదానిని తయారుచేసి తృప్తిపడుదురు: శిరస్త్రాణము ఆ కాలముది కాదు, ఈ పాత్ర చరిత్రలో లేదు, ఆ మేడ అప్పటికి కట్టబడలేదు అని. ఆ పట్టికవలన పండితునకు సంతోషము కలుగును గాని నాటకముయొక్క గుణదోషములు తేలవు. ధనంజయుడు దశరూపకమున నాటకకథను ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములుగా విభజించెను. ఇతిహాసాదులనుండి గ్రహింపబడినది ప్రఖ్యాతము. కవి కల్పించినది ఉత్పాద్యము. రెండును కలసినది మిశ్రము. చారిత్రక నాటకములన్నియు మిశ్రములే. నాయకునకు గాని రసమునకు గాని తగనిదానిని కవి విడువవచ్చును, లేదా వేఱువిధముగా కూర్చుకొనవచ్చును అని కూడ ఆయన అనుజ్ఞ యిచ్చియున్నాడు. కాబట్టి మార్పు చేయుటయే నేరమనుటకు వీలులేదు. విచారింపవలసినవి మూడు: ప్రమాణము మౌనముగా నున్నచోట నాటకకర్త యేమి కల్పించెను? ప్రమాణము స్పష్టముగా పలికినచోట దానికి విరుద్ధముగా నడచెనా? ఆ మార్పువలన కథాంగము మాత్రము మాఱినదా, లేక నాటి మనుష్యుల జీవితముయొక్క మూలస్వరూపమే తాఱుమాఱైనదా?

ప్రమాణములు

గ్లాడియేటర్లను గూర్చి తెలుపు ఆధారములు నాలుగు విధములు. మొదటివి గ్రీకు లాటిను గ్రంథములు. స్పార్టకసు తిరుగుబాటు క్రీ. పూ. 73 మొదలు 71 వఱకు జరిగినది. దానిని విపులముగా వర్ణించిన ప్లూటార్కును ఆపియనును ఆ యుద్ధము ముగిసి నూఱేండ్లకు పైగా గడచిన పిదప పుట్టినవారు. సమకాలికుడగు సల్లస్టు వ్రాసిన చరిత్ర ఖండములుగా మాత్రమే నిలిచినది. ఆ కాలమును గూర్చిన లివీ గ్రంథభాగము నశించి సంగ్రహములు మాత్రము మిగిలినవి. ఈ రచయితలలో ఒక్కడైనను గ్లాడియేటరు కాడు, తిరుగుబాటు చేసిన బానిసయు కాడు. స్పార్టకసు కథ యంతయు అతని శత్రువుల పక్షమునుండి మనకు సంక్రమించినదే.

రెండవవి శాసనములు, సమాధిఫలకములు, పాంపే నగరపు గోడలపై గీయబడిన వ్రాతలు. మూడవవి అంఫిథియేటర్లను వలయాకారపు ప్రేక్షాగారముల శిథిలములు, శిల్పములు, పాంపేలో దొరకిన శిరస్త్రాణములు మొదలగు ఆయుధసామగ్రి. నాలుగవవి అస్థికలు. నేటి తుర్కీదేశమునందలి ఎఫెససు నగరశిథిలములలో 1993లో ఆస్ట్రియా పురాతత్త్వజ్ఞులు గ్లాడియేటర్ల శ్మశానము నొకదానిని కనుగొనిరి. గ్రంథములు గ్లాడియేటర్లను గూర్చి పరులు చెప్పిన మాటలు. సమాధిఫలకములు వారి భార్యలును సహచరులును చెప్పిన మాటలు. ఎముకలు వారి దేహములు తామే యిచ్చిన వాఙ్మూలము. ఈ భేదమును మనసునందుంచుకొని నాటకములను పరీక్షింపవలెను.

స్పార్టకసు కథ

స్పార్టకసు థ్రేసు దేశీయుడు. ఒకప్పుడు రోమను సైన్యమున పనిచేసి పిదప చెఱబడి గ్లాడియేటరుగా అమ్మబడెనని ఆపియను వ్రాసెను. సైనికుడుగా నుండి పాఱిపోయి, దోపిడికాడై, అటుపిమ్మట గ్లాడియేటరయ్యెనని ఫ్లోరసు వ్రాసెను. ధారావాహికయందు స్పార్టకసు మొదట రోమనులకు సహాయసైనికుడై, సేనాని మాటతప్పుటచే సైన్యమును విడిచి, పట్టుబడి బానిస యగును. ఇది యిద్దఱు చరిత్రకారుల వాక్యములను కలిపి నేసినట్లున్నది. ఆ మాటతప్పిన సేనానిగా గ్లాబరు అనువానిని ప్రవేశపెట్టుట మాత్రము కల్పన. చరిత్రలో గ్లాబరు కనబడునది వెసూవియసు పర్వతము నొద్దనే.

కాపువా నగరమున లెంటులసు బాటియాటసు అనువాడు గ్లాడియేటర్లకు సాముగరిడి నడుపుచుండెననియు, 200 మంది పాఱిపోవ నాలోచించిరనియు, రహస్యము బయటపడగా 78 మంది మాత్రము వంటశాలలోని కత్తులను, మాంసము కాల్చు ఇనుపకడ్డీలను చేతబట్టి తప్పించుకొనిరనియు ప్లూటార్కు చెప్పుచున్నాడు. త్రోవలో గ్లాడియేటర్ల ఆయుధములను తీసికొనిపోవు బండ్లు వారికి దైవికముగా ఎదురుపడినవట. నాటకమున ఈ ఘట్టము విందునాటి ప్రదర్శనయుద్ధముగా మాఱినది. గ్లాడియేటర్లు చేతికందిన కత్తులతో అతిథులను సంహరింతురు. బాటియాటసు స్పార్టకసు చేతిలో మరణించును. బాటియాటసు ఎట్లు మరణించెనో చరిత్ర చెప్పలేదు గనుక ఆ కల్పనను సహింపవచ్చును. వంటశాల కనబడకపోవుట మాత్రము కొఱతయే. ఆయుధములతో బ్రతుకువారికి ఆయుధములు అందుబాటులో లేకుండెను. యుద్ధవేళ దక్క వానిని దాచియుంచెడివారు. చెఱయొక్క స్వభావమంతయు ఆ వంటకత్తులలో నిమిడియున్నది. నాటకకర్తకు ఇంతకంటె మంచి దృశ్యము వేఱెక్కడ దొరకును?

వెసూవియసుమీద చిక్కుకొన్న తిరుగుబాటుదారులు అడవిద్రాక్షతీగెలతో నిచ్చెనలల్లి, నిట్రమైన కొండప్రక్కగా దిగి, 3000 మందితో కావలి కాయుచున్న గ్లాబరును వెనుకనుండి యెదుర్కొనిరి. ఈ ఘట్టమును నాటకము విడువలేదు. 'కల్పనవలె నున్నది, నిజము కాబోలదు' అని ప్రేక్షకుడు సంశయించు ఈ దృశ్యమే ప్లూటార్కు గ్రంథమున నున్నది. 'ఇది సహజముగా నున్నది' అని అతడు నమ్ము గ్లాబరుయొక్క పూర్వవైరమే కల్పితము. సంభావ్యతనుబట్టి సత్యమును నిర్ణయింపరాదనుటకు ఇది మంచి నిదర్శనము.

స్పార్టకసు భార్య

ఈ ధారావాహికయందు అన్నిటికంటె పెద్దదియు, తప్పులపట్టికలలో తఱచుగా చేరనిదియునగు మార్పు స్పార్టకసు భార్యకు సంబంధించినది. ఆమె పేరును ఏ చరిత్రకారుడును చెప్పలేదు. సూరా అను పేరు నాటకకర్తలు పెట్టినది. పేరు పెట్టుట తప్పు కాదు. ప్లూటార్కు ఆమెను గూర్చి చెప్పినది కొద్దియైనను విలువైనది. ఆమె భర్తయొక్క తెగకు చెందినది. డయనైససు దేవుని పూనకము కలిగి భవిష్యత్తు చెప్పునది. స్పార్టకసును అమ్ముటకు మొదట రోమునకు తెచ్చినపుడు, నిద్రించుచున్న యతని ముఖముపై సర్పము చుట్టుకొని కనబడెను. అది గొప్ప బలమునకు సూచన యని యామె ఫలము చెప్పెను.

ఆ బలము ఎట్టి పర్యవసానము పొందునని యామె చెప్పెనో ఆ చోట మూలమున పాఠాంతరము కలదు. కొన్ని వ్రాతప్రతులలో శుభాంతమని యర్థమిచ్చు గ్రీకుపదమును, కొన్నిటిలో అశుభాంతమని యర్థమిచ్చు పదమును ఉన్నవి. రెంటికిని భేదము పదాదియందలి ఒకటిరెండక్షరములు మాత్రమే. జోస్యము చెప్పునామె శుభమునే చెప్పియుండునని కొందఱును, కథాంతము నెఱిగిన ప్లూటార్కు అశుభమనియే వ్రాసియుండునని కొందఱును వాదింతురు. ధారావాహికలో సూరా చెప్పు జోస్యము మహత్తరములును దుఃఖావహములును అగు కార్యములను గూర్చినది. అనగా నాటకము రెండవ పాఠమును గ్రహించినది. వినోదార్థము రచింపబడిన నాటకమున పాఠాంతరనిర్ణయ మొకటి చోటుచేసికొనుట చూచి పండితులు సంతోషింపవచ్చును.

ఆ సంతోషము నిలువదు. ఆమె భర్తతో కూడ తప్పించుకొని పోయి, తిరుగుబాటు కాలమున అతనితోనే యుండెనని ప్లూటార్కు స్పష్టముగా వ్రాసియున్నాడు. నాటకమున ఆమె తిరుగుబాటునకు పూర్వమే చంపబడును; ఆ మరణమునకు ప్రతీకారమే నాయకుని కార్యమునకు ప్రేరణ యగును. ఇచ్చట ప్రమాణము మౌనముగా లేదు, పలికియున్నది. అంతేకాక ఈ మార్పు కథ మూలమునే తాకినది. చరిత్రలోని తిరుగుబాటు, చెఱను సహింపలేని పలువురు కూడి చేసిన యాలోచన. నాటకములోనిది ఒక భర్తయొక్క పగ. పేరులేని యొక బానిసస్త్రీకి చరిత్ర యిచ్చిన ఒకేయొక్క గౌరవము, ఆమె విముక్తికై సాహసించినవారిలో ఒకతె యనుట. నాటకము ఆమెకు పేరిచ్చి ఆ గౌరవమును తీసివేసినది.

తక్కిన నాయకుల విషయములో మేలును కీడును సమముగా నున్నవి. క్రిక్ససు, ఈనోమయసు ఇరువురును గాలు దేశీయులని ఒరోసియసు చెప్పగా, నాటకము ఈనోమయసును ఆఫ్రికాదేశీయునిగా చూపినది. గానికసు కాస్టసుతో కలసి విడిగా పోరాడి యుద్ధమున కూలెను. నాటకమున శిలువ వేయబడినాడు. క్రీ. పూ. 72లో గర్గానసు పర్వతము నొద్ద క్రిక్ససు కూలిన పిదప, అతని యుత్తరక్రియలకై స్పార్టకసు 300 మంది రోమను బందీలను బలి యిచ్చెనని ఆపియనును, బందీలచేత గ్లాడియేటర్లవలె యుద్ధము చేయించెనని ఫ్లోరసును చెప్పిరి. ప్రేక్షకులు యోధులై, యోధులు ప్రేక్షకులైన ఆ భయంకరదృశ్యమును నాటకము దాచలేదు. నాయకుని నిష్కళంకునిగా చూపవలెనను ఆశకు లొంగక ఈ ఘట్టమును నిలుపుట ప్రశంసనీయము.

స్పార్టకసు అంత్యముకూడ ఇట్లే. అతడు యుద్ధమున పోరాడుచు పడెను, కళేబరము దొరకలేదు, పట్టుబడిన 6000 మందిని కాపువానుండి రోము వఱకు గల రాజమార్గము పొడవున శిలువ వేసిరి అని ఆపియను వ్రాసెను. 1960 నాటి ప్రసిద్ధచలనచిత్రమున స్పార్టకసు శిలువమీద మరణించును. ఆ దృశ్యమెంత కరుణరసాత్మకమైనను అది ప్రమాణవిరుద్ధము. ధారావాహికలో గాయపడిన స్పార్టకసును అనుచరులు దూరముగా తీసికొనిపోగా అచ్చట మరణించును. వారతనిని గుఱుతు తెలియని చోట పాతిపెట్టుదురు. కళేబరము ఏల దొరకలేదను ప్రశ్నకు ఇది యుచితమైన సమాధానము. చరిత్ర విడిచిన ఖాళీలో చరిత్రకు భంగము లేకుండ కల్పన ఎట్లు నిలువగలదో ఇది చూపుచున్నది.

ఆయుధములు, స్థలములు, సంబోధనము

వలయు త్రిశూలమును ధరించి పోరాడు రెటియారియసు, అనగా వలకాడు, గ్లాడియేటర్ల నాటకములన్నిటియందును తప్పక కనబడును. కాని వలకానిగూర్చిన ఆధారములు క్రీస్తుశకము మొదటి శతాబ్దమునుండి మాత్రమే లభించుచున్నవి. స్పార్టకసు కాలమున ప్రసిద్ధులైనవారు సామ్నైటులు, గాలులు, థ్రేసియనులు అను పేర్లు గల యోధులు. ఇవన్నియు రోమనులు జయించిన జాతుల పేర్లే. ఓడినవారి వేషమును ఆయుధమును క్రీడారంగమున ప్రదర్శించుట ఆ క్రీడయొక్క పూర్వరూపము. వలకానిని క్రీ. పూ. 73లో నిలుపుటవలన కాలభ్రమ మాత్రమే గాక ఈ యర్థముకూడ మఱుగుపడుచున్నది.

కట్టడములును ఇట్టివే. రోమునగరమున గ్లాడియేటర్ల యుద్ధము మొదట క్రీ. పూ. 264లో, బ్రూటసు పెరా యను పెద్దమనుష్యుని యుత్తరక్రియలయందు అతని కుమారులు పశువుల సంతలో మూడు జతలచేత చేయించినది. రోమున శిలానిర్మితమైన తొలి అంఫిథియేటరు క్రీ. పూ. 29లో వెలసినది. కొలోసియము క్రీ. శ. 80లో టైటసు చక్రవర్తి ప్రారంభించినది. కాపువాలో నేడు కనబడు మహాశిథిలముకూడ చక్రవర్తుల కాలముదే. స్పార్టకసు కాలపు కాపువాలో కొలోసియము వంటి సౌధమును చూపు నాటకము రెండుతరముల వైభవమును ఒకతరమునకు కట్టబెట్టుచున్నది.

భాషావిషయమున ఒక వినోదము కలదు. ధారావాహికలో గ్లాడియేటర్లు తమ గరిడీ ఒజ్జను 'డాక్టొరే' అని పిలుతురు. లాటినులో డాక్టరు అనగా బోధించువాడు. గరిడీ ఒజ్జలకు ఆ పేరుండుట శాసనసిద్ధము. కాని ఆ శబ్దమునకు సంబోధనరూపము ప్రథమావిభక్తిరూపముతో సమానము. 'డాక్టొరే' యనునది తృతీయాపంచముల యర్థమునిచ్చు విభక్తిరూపము. 'ఒజ్జా!' అని పిలువవలసినచోట 'ఒజ్జచేత!' అని పిలిచినట్లున్నది. అయినను ఇట్టి దోషము చెవికి తగులునే గాని కథకు తగులదు. తప్పుల కన్నిటికిని ఒకే బరువు లేదనుటకే దీనిని ప్రస్తావించుట.

నమస్కారము, బొటనవ్రేలు

గ్లాడియేటర్లు క్రీడారంగమున ప్రవేశించి, చావబోవు మేము నీకు నమస్కరించుచున్నామని చక్రవర్తితో పలుకుట ప్రతినాటకమునందును ఉండును. 1958లో వెలువడిన డేనియల్ మానిక్సు గ్రంథమునకును, దాని ననుసరించిన 2024 నాటి ధారావాహికకును పేరు ఈ వాక్యమునుండియే వచ్చినది. కాని ఈ వాక్యము చరిత్రలో ఒకేయొక్క సందర్భమున వినబడినది. క్రీ. శ. 52లో క్లాడియసు చక్రవర్తి ఫ్యూసినసు సరస్సులో నౌకాయుద్ధప్రదర్శన మేర్పఱచెను. ఓడలలోనివారు మరణశిక్ష పొందిన నేరస్థులు, గ్లాడియేటర్లు కారు. వారు నమస్కరించి ఆ మాట పలుకగా, చక్రవర్తి 'చావకపోవచ్చును' అను నర్థము వచ్చునట్లు బదులు చెప్పెను. అది క్షమాదానమని గ్రహించి వారు యుద్ధము చేయ నిరాకరించిరి; చక్రవర్తి బెదరించియు బ్రతిమాలియు వారిని యుద్ధమునకు దింపవలసివచ్చినదని స్యూటోనియసు వ్రాసెను. అనగా విధేయతకు చిహ్నముగా నాటకములు చూపు ఈ వాక్యము నిజముగా పలుకబడిన దినమున ధిక్కారమునకు దారితీసినది. కథను ఉన్నదున్నట్లు చూపినయెడల అంతకంటె గొప్ప నాటకదృశ్యము లేదు.

బొటనవ్రేలి సంజ్ఞకూడ ఇట్లే స్థిరపడినది. జనులు బొటనవ్రేలిని త్రిప్పి మరణమును కోరెడివారని జువెనలు వ్రాసెను. ఏ దిక్కునకు త్రిప్పెడివారో చెప్పలేదు. ఫ్రెంచి చిత్రకారుడు జెరోము 1872లో చిత్రించిన పటమున ప్రేక్షకులు బొటనవ్రేళ్లను క్రిందికి చూపుచున్నారు. ఆ పటమే 2000 సంవత్సరపు 'గ్లాడియేటర్' చలనచిత్రమునకు ప్రేరకమైనది. క్రింద చూపిన మరణము, మీద చూపిన ప్రాణదానము అను నిర్ణయము చిత్రకారునిదే గాని రోమనులది కాదు.

మరణముయొక్క వెల

ఇంతవఱకు చెప్పిన దోషములలో కొన్ని స్వల్పములు, కొన్ని గురుతరములు. అన్నిటికిని మూలమైన దోష మొకటి కలదు. నాటకములలో దిగిన యిద్దఱిలో ఒకడు చచ్చితీరును. కత్తి మెడమీద పడనిదే దృశ్యము ముగియదు. ప్రమాణములు చెప్పు కథ వేఱు.

క్రీస్తుశకము రెండవ శతాబ్దమున రోమను ధర్మశాస్త్రజ్ఞుడగు గాయసు తన పాఠ్యగ్రంథమున ఒక చిక్కుప్రశ్నను చర్చించెను. ఒకడు మఱియొకనికి గ్లాడియేటర్ల నప్పగించుచు, గాయము లేక తిరిగివచ్చిన ఒక్కొక్కనికి 20 దేనారియములును, చచ్చిన లేక అవిటియైన ఒక్కొక్కనికి 1000 దేనారియములును ఇయ్యవలెనని యొడంబడిక చేసికొనెను. ఇది బాడుగయా, విక్రయమా? తిరిగివచ్చినవారి విషయమున బాడుగయు, చచ్చినవారి విషయమున విక్రయమునని గాయసు తీర్పు. మనుష్యుడు ఉదయమున బాడుగవస్తువు. సాయంకాలము చచ్చెనా, అమ్ముడుపోయిన వస్తువు. ప్రదర్శన చేయించువానికి ఒక మరణము ఏబదిరెట్ల వ్యయము. బాడుగకు తెచ్చిన యెడ్లను ఊరక చంపుకొనువా డుండడు.

తక్కిన సాక్ష్యములు దీనితో సరిపడుచున్నవి. ప్రాణదానమునకు అవకాశము లేని యుద్ధములను అగస్టసు చక్రవర్తి నిషేధించెను. క్రీ. శ. 177 ప్రాంతమున మార్కసు ఆరీలియసు కాలమున గ్లాడియేటర్ల వెలలకు తరగతులవారీగా మితి నేర్పఱచిన శాసనము కంచుఫలకముపై చెక్కబడి, స్పెయినులోని ఇటాలికా యొద్ద 1888లో దొరకినది. ఫ్రెంచి పండితుడు జార్జి వీల్ మొదటి శతాబ్దపు నూఱు ద్వంద్వయుద్ధములను పరిశీలించి, దిగిన 200 మందిలో 19 మంది మరణించిరని లెక్కగట్టెను. ప్రసిద్ధవైద్యుడు గాలెను క్రీ. శ. 157 మొదలు కొన్నియేండ్లు పెర్గముమున గ్లాడియేటర్ల చికిత్సకుడుగా నుండి గాయముల చికిత్సలో ప్రావీణ్యము సంపాదించెను. ఎఫెససులో దొరకిన కపాలములలో పెక్కింటియందు దెబ్బ తగిలి చక్కగా మానిన గుఱుతులున్నవి. అనగా వారికి మంచి వైద్యము జరిగినది. ఆ యెముకల పరీక్షవలన వారి యాహారము ప్రధానముగా గోధుమ, యవలు, చిక్కుడుజాతి గింజలు అని తేలినది. గ్లాడియేటర్లకు యవభోజులను మాఱుపే రుండెనని ప్లీనీ చెప్పిన మాట దీనితో బలపడినది.

మరణములు లేవని దీనికర్థము కాదు. ఇటలీలోని మింటర్నె పట్టణమున క్రీ. శ. 249 నాటి శాసన మొకటి, నాలుగు దినములలో 11 జతలు పోరాడగా 11 మంది ప్రథమశ్రేణి గ్లాడియేటర్లు చంపబడిరని దాత గౌరవార్థము చాటుచున్నది. ఆ దాత యెంత ధనవంతుడో చూపుటకే ఆ సంఖ్య చెక్కబడినది. మరణము ఖరీదైనది గనుకనే అది గొప్పకు హేతువైనది. ఇదిగాక మధ్యాహ్నవేళ నేరస్థులను కవచము లేకుండ దింపి చంపించుట కలదు. దానిని చూచి సెనెకా రోసెను. ఉదయపు మృగయుద్ధములు, మధ్యాహ్నపు మరణశిక్షలు, సాయంకాలపు గ్లాడియేటర్లు అను మూడు భాగములను నాటకములు ఒక్కటిగా కలిపివేయుటచేతనే గ్లాడియేటరు ప్రతిదినము చావవలసివచ్చుచున్నది.

ఈ విషయమున 2003 నాటి బి. బి. సి. నాటకము మేలైన త్రోవ త్రొక్కినది. గ్లాడియేటర్ల యుద్ధ మొకదానిని ఆద్యంతము వర్ణించు సమకాలికరచన యొక్కటే నిలిచియున్నది: కొలోసియము ప్రారంభోత్సవమున ప్రిస్కసు, వేరసు అను నిరువురు పోరాడుటను గూర్చి మార్షియలు వ్రాసిన పద్యము. ఇరువురును సమానముగా పోరాడి, ఒకే క్షణమున లొంగిపోగా టైటసు ఇద్దఱికిని విజయచిహ్నముతోపాటు స్వేచ్ఛకు గుఱుతగు కఱ్ఱకత్తి నిచ్చెను. వేరసుయొక్క పూర్వజీవితమంతయు నాటకకర్తల కల్పన. అంత్యము మాత్రము మార్షియలుది. ఇద్దఱును బ్రతుకుటచేత నాటకమునకు లోటు రాలేదు.

రక్తమును విస్తారముగా చూపుట క్రౌర్యమును చూపుట కాదు. భరతాదులు రంగమునందు వధను యుద్ధమును ప్రత్యక్షముగా చూపరాదని విధించిరి. నేటి నాటకములకు ఆ నియమము లేదు. అయినను ఇన్ని వధలను చూపియు నాటి ఘోరముయొక్క నిజస్వరూపమును అవి చూపలేకపోయినవి. ఆ ఘోరము కోపములో లేదు, లెక్కలో నున్నది. గరిడీ యజమాని తిండిపెట్టి, వైద్యము చేయించి, విద్య నేర్పి, బాడుగకిచ్చి, చచ్చినచో వెల రాబట్టుకొను నెమ్మదిలో నున్నది. మృగయోధుల గరిడిలోని జెర్మనుదేశీయు డొకడు, కావలివారు లేని ఒకేయొక్క చోటగు మరుగుదొడ్డికి పోయి, అచ్చట శుభ్రపఱచుకొనుట కుంచిన స్పంజికఱ్ఱను గొంతులో క్రుక్కుకొని ప్రాణము విడిచెనని సెనెకా వ్రాసెను. ప్రతి గాయమునకు మందున్నచోట చచ్చుటకు స్వేచ్ఛ లేదు. ఈ యొక్క వాక్యము చెప్పు సత్యమును రక్తపాతదృశ్యములు నూఱును చెప్పలేవు.

కాబట్టి ఈ నాటకములను చూచువారు శిరస్త్రాణముల నెన్నుట మాని, ఇచ్చటి మనుష్యునకు వెల కట్టబడినదా, ఆ వెల కనబడుచున్నదా అని విచారించుట యుక్తము. ఆ వెల కనబడినచో వలకాడు నూఱేండ్లు ముందుగా వచ్చినను, ఒజ్జను తప్పు విభక్తితో పిలిచినను క్షమింపవచ్చును. కనబడనిచో ఆయుధములన్నియు సరిగా నున్నను అది రోము కాదు.

సిసిలీద్వీపమున ఫ్లమ్మా యను గ్లాడియేటరు సమాధిఫలకము నిలిచియున్నది. అతడు సిరియాదేశీయుడు, ముప్పది యేండ్లు జీవించెను, 34 మారులు పోరాడెను, 21 మారులు గెలిచెను, 9 మారులు సరిసమానముగా నిలిచెను, 4 మారులు ఓడియు ప్రాణదానము పొందెను. ఆ ఫలకమును ప్రతిష్ఠించినవాడు అతనితో కూడ ఆయుధము పట్టిన డెలికాటసు అను సహచరుడు. అర్హుడగు మిత్రునకు దీనిని చేయించితినని చెక్కించెను. నాటకములకు తగిన కథానాయకు లింకను ఇట్టి రాళ్లమీద వేచియున్నారు.